నిజంగా భయపెట్టే సినిమా చెప్పండి, సంక్రాంతికి అమ్మమ్మ వాళ్ళింట్లో పదకొండు మందిమి చూస్తాం

లంకపిల్ల · డిసెంబర్ 27, రాత్రి 10:40

అందరికీ నమస్తే అండి. సంక్రాంతికి రాజోలు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరెళ్తున్నాం, పిన్ని పిల్లలు మావయ్య పిల్లలు అందరం కలిపి పదకొండు మందిమి అవుతాం. కనుమకి జగ్గన్నతోట తీర్థంలో ప్రభలు చూసొచ్చి ముక్కనుమ రాత్రి ఒక దెయ్యం సినిమా పెట్టుకుందామని గ్రూపులో అందరూ ఓటేసేశారు, సినిమా ఎంచే పని మాత్రం నా నెత్తిన పెట్టారు. ఇల్లు పాత మండువా లోగిలి, చుట్టూ కొబ్బరితోట, పక్కింటికెళ్ళాలన్నా బోదె మీద తాటిదుంగ దాటాలి. మావయ్య చిన్న ప్రొజెక్టరు తెస్తున్నాడు, మండువాలో తెల్ల దుప్పటి కడతాం.

నాక్కావాల్సింది గట్టిగా భయపెట్టేది. కామెడీ దెయ్యాలు వద్దు. రక్తాలు కారేవి, పేగులు తీసేవి వద్దు. అమ్మమ్మ కూడా కూర్చుంటానంది, ఆవిడకి 78 ఏళ్ళు, ఆవిడని ఒక్కసారైనా భయపెట్టాలని మా అందరి పంతం. విఠలాచార్య గారి జగన్మోహిని వచ్చినప్పుడు మీ అమ్మ నా చంకలో ఉందే, ఆ దెయ్యం పొయ్యిలో కట్టెల బదులు కాళ్ళు పెట్టుకుని వంట చేస్తుంటే హాలంతా కెవ్వుమంది, నేను మాత్రం ఆ కాళ్ళకి పసుపు రాసుందా లేదా అని చూశాను అంటుంది. ఆవిడ సంగతి అదండి. చెప్పండి మరి.

భీమవరం_బుల్లోడు · డిసెంబర్ 27, రాత్రి 11:02

అక్కా కామెడీ వద్దని ముందే గేటేసేస్తే ఎలా. పదకొండు మంది ఒకచోట కూర్చుంటే నవ్వు రాకుండా ఉండదు, అలాంటప్పుడు సినిమాలోనే నవ్వుంటే మనిషి నవ్వుతూ వదులుగా కూర్చుంటాడు, సరిగ్గా అప్పుడే భయం వేస్తే డబుల్ పడుద్ది. 2013లో ప్రేమకథా చిత్రమ్ మేం కాలేజీ బ్యాచ్ పద్నాలుగు మంది వెళ్ళాం, ఇంటర్వెల్ ముందు నందిత మొహం మారిపోయినప్పుడు నా పక్కనోడు నా చెయ్యి పట్టుకున్నది ఇప్పటికీ గుర్తుంది. 2014 గీతాంజలి కూడా చూడండి, అంజలిది మీ రాజోలే కదా. 2017లో వచ్చిన ఆనందో బ్రహ్మలో అయితే మనుషులే దెయ్యాల్ని భయపెడతారు, ఆ ఐడియా నాకు చాలా నచ్చింది. నా ఓటు దానికే.

పాలకొల్లు_రీలు · డిసెంబర్ 28, ఉదయం 6:15

అమ్మా లంకపిల్ల గారూ, నేను ఇరవై రెండేళ్ళు మా టౌన్లో ఒక థియేటర్లో ఆపరేటరుగా చేశానండి, ఇప్పుడు ఆ హాలు లేదు, కల్యాణ మండపం అయిపోయింది. నా మాట వింటే రాత్రి అనే సినిమా చూడండి. 1992, రామ్‌గోపాల్ వర్మ గారిది, రేవతి గారు చేశారు, తెలుగులోనూ హిందీలోనూ తీశారు.

ఎందుకు చెప్తున్నానంటే, ఆపరేటరు సినిమా చూడడండి, జనాన్ని చూస్తాడు. మా క్యాబిన్లో చిన్న కిటికీ ఉండేది, కార్బన్ కడ్డీలు సర్దుకుంటూ, రీలు అయిపోయే ముందు రెండో మిషను సిద్ధం చేసుకుంటూ ఆ కిటికీలోంచి కింద తలకాయలు చూస్తుండేవాణ్ణి. ఫైటు సినిమాకి తలకాయలు ఊగుతాయి. ఏడుపు సినిమాకి వంగుతాయి. రాత్రి సినిమాకి ఒక్క తలకాయ కదిలేది కాదండి. నేలలో బీడీలు ముట్టించుకునేవాళ్ళు కూడా అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయేవారు. ఆ ఇంట్లో కారు కింద పడి చచ్చిపోయిన పిల్లిపిల్లని పాతిపెడతారు, మళ్ళీ ఆ పిల్లి తిరుగుతూ కనపడుద్ది, అంతే, ఏ మేకప్పూ లేదు, కెమెరా మెట్ల మీద, గోడల పక్కన నెమ్మదిగా పోతుంటుంది, చూసేది ఎవరో తెలీదు. దానికి వెనకాల వాయించింది మణిశర్మ గారు, ఆయన అప్పటికి ఇంకా పాటలతో పేరు తెచ్చుకోలేదు.

సెకండ్ షో అయ్యాక మావాళ్ళు సైకిళ్ళ మీద ఒక్కొక్కళ్ళూ పోయేవాళ్ళు కారండి, స్టాండు దగ్గర ఆగి, మీదే ఊరు మాదే ఊరు అని అడుక్కుని గుంపు కట్టి వెళ్ళేవారు. అది చూశాక నాకు అర్థమైంది, దెయ్యాన్ని చూపించి భయపెట్టినోడి కన్నా చూపించకుండా భయపెట్టినోడు గొప్పోడని.

ఇంకొకటి, మా పాలకొల్లు ఆయన్ని మర్చిపోకూడదు. కోడి రామకృష్ణ గారు, అమ్మోరు 1995లో, అరుంధతి 2009 జనవరిలో. అరుంధతికి సోనూసూద్ నటన ఎంతో గొంతు అంత, ఆ గొంతు రవిశంకర్ గారిది, వదల బొమ్మాళీ అన్నది ఆయనే. ఆ సినిమాలో కోట బనగానపల్లె దగ్గరుంది, ఇప్పుడు జనం దాన్ని అరుంధతి కోట అనే పిలుస్తున్నారు. కానీ మీకు పిల్లలున్నారన్నారు కాబట్టి అది పెద్దాళ్ళకి ఉంచండి, అందులో దెబ్బలూ రక్తం ఎక్కువ.

మైకుసెట్టు_ముమ్మిడివరం · డిసెంబర్ 28, ఉదయం 9:30

రీలు గారు చెప్పింది అక్షరాలా నిజం, నేను సౌండు మనిషిని కాబట్టి నా వైపు నుంచి చెప్తాను. పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ బాక్సులు కడతాను, ఇరవయ్యేళ్ళ నుంచి అదే పని.

కొబ్బరి తోటలో రాత్రి పడుకున్నవాళ్ళకి తెలుస్తుంది. మట్ట రాలేటప్పుడు ముందు పైన ఆకులు సర్రుమని రాసుకుంటాయి. తర్వాత ఒక్క క్షణం ఏమీ ఉండదు. తర్వాత ధబ్ అని పడుద్ది. మీరు ఎప్పుడైనా గమనించారా, మన గుండె ఝల్లుమనేది ధబ్‌కి కాదు, ఆ మధ్యలో ఏమీ లేని క్షణానికి. మంచి దెయ్యం సినిమా అంతా ఆ క్షణంలోనే ఉంటుంది, చెత్త సినిమా ధబ్ ఒక్కటే పెద్దగా కొడుతుంది. ఇప్పుడొచ్చేవాటిలో సగం వరకూ తలుపు తీసినా డ్రమ్ము, పిల్లి దూకినా డ్రమ్ము, అది భయం కాదు ఉలికిపాటు, వెనకనుంచి ఎవరైనా భుజం తట్టినా వస్తుంది అది.

ఇంగ్లీషు వాటిలో 2013 కంజూరింగ్ చూడండి, జేమ్స్ వాన్ తీసింది. పిల్లలు కళ్ళకి గంతలు కట్టుకుని చప్పట్లు విని వెతికే ఆట ఆడతారు, అమ్మ గంతలతో గదిలోకొస్తే బీరువాలోంచి చప్పట్లు వినపడతాయి. రెండు చప్పట్లు, అంతే. ఒక్క వాయిద్యం లేదు.

దయచేసి ఫోన్లో మాత్రం చూడకండి. మన చెవికి 20 హెర్ట్జ్ దగ్గర్నుంచి వినపడుతుంది కానీ ఫోను స్పీకరు గోరంత ఉంటుంది, కింది బేసు పలకదు. భయం ఉండేదే ఆ కింది శబ్దంలో, అది చెవికన్నా ముందు ఛాతీకి తెలుస్తుంది.

యానాం_రేవు · డిసెంబర్ 28, మధ్యాహ్నం 1:12

మలయాళం వాళ్ళవి ఎవరూ చెప్పట్లేదేంటి. రాహుల్ సదాశివన్ అని ఒకాయన ఉన్నాడు, 2022 భూతకాలం, 2024 భ్రమయుగం రెండూ ఆయనవే. భూతకాలంలో అమ్మగా చేసింది మన రేవతి గారే, రీలు గారు చెప్పిన రాత్రికీ దీనికీ ముప్పై ఏళ్ళు తేడా, అప్పుడు దెయ్యం పట్టిన అమ్మాయి ఇప్పుడు కొడుకు మానసికంగా కుంగిపోతుంటే ఏం చేయాలో తెలీని తల్లి. దానికి కేరళ ప్రభుత్వం ఉత్తమ నటి అవార్డు ఇచ్చింది ఆవిడకి. అమ్మా కొడుకూ ఒక ఇల్లు, ఆ ఇంట్లో ముసలావిడ చనిపోయాక మొదలవుతుంది, మొదటి గంట అసలు దెయ్యం ఉందో లేదో కూడా తెలీదు.

భ్రమయుగం మొత్తం బ్లాక్ అండ్ వైట్. మమ్ముట్టి, ఒక వంటవాడు, దారి తప్పి ఆ ఇంటికొచ్చిన ఒక పాటగాడు, దాదాపు ఈ ముగ్గురే సినిమా అంతా. వాన, పాడుబడ్డ ఇల్లు. పాచికలాటలో ఆ పాటగాడు డబ్బు లేక తన కాలాన్నే పందెం కాస్తాడు చూడండి, ఆ సీను దగ్గర నా చేతిలో టీ చల్లారిపోయింది. తెలుగు డబ్బింగ్ కూడా ఉంది.

నైట్‌డ్యూటీ_కాకినాడ · డిసెంబర్ 28, రాత్రి 11:50

నేను నర్సుని, ఇప్పుడు డ్యూటీలోనే ఉన్నాను, వార్డు కాస్త సర్దుమణిగింది. రెండు మాటలు చెప్పాలనిపించింది.

ఒకటి, లంకపిల్ల గారూ, చిన్నపిల్లలు ఉంటే వాళ్ళని ముందే పడుకోబెట్టేయండి. పెద్దాళ్ళకి లైటేస్తే పోయే భయం పిల్లలకి నెలల తరబడి ఉంటుంది, బాత్రూంకి ఒంటరిగా వెళ్ళరు, నిద్రలో లేస్తారు, తల్లులు తీసుకొస్తుంటారు మా దగ్గరికి.

రెండోది నాకు బాధగా ఉండే విషయం. చేతబడి సినిమాలు ఈమధ్య బాగా ఆడుతున్నాయి, నేనూ చూస్తాను, బాగా తీసినవీ ఉన్నాయి. కానీ నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు డెల్టాలో ఒక ఊళ్ళో పనిచేశాను, పేరు చెప్పను. వరసగా నలుగురు పిల్లలకి జ్వరం వచ్చి తగ్గలేదు. ఊరి చివర ఒక ముసలావిడ ఒక్కతే ఉండేది, భర్త లేడు, పిల్లలు లేరు, ఆవిడే ఏదో చేసిందన్నారు. నిమ్మకాయ తొక్కారంట, ఆవిడ వాకిట్లో దొరికిందంట. ఆవిడకి పాలు పోయడం మానేశారు, దుకాణంలో సరుకివ్వడం మానేశారు. రక్తపరీక్ష చేయిస్తే నలుగురికీ టైఫాయిడ్. మందులు వాడితే తగ్గింది. తగ్గాక కూడా ఆవిడతో ఎవరూ మాట్లాడలేదండి. నేను సూదిమందు ఇవ్వడానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని, ఎవరో ముట్టుకుని చాన్నాళ్ళయింది అమ్మా అంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఇప్పటికీ చేతబడి సీను వస్తే నాకు తెర మీద మంత్రగత్తె కనపడదు, ఆవిడే కనపడుతుంది.

అందుకే నాకు 1993లో వచ్చిన మలయాళం మణిచిత్రతాళ్ అంటే గౌరవం, మన చంద్రముఖికి మూలం అదే. శోభన గారికి జాతీయ అవార్డు వచ్చింది. ఆ అమ్మాయికి జబ్బు అని చెప్తారు, దెయ్యం అని కొట్టి చంపరు. నిజంలో ఆ జబ్బు ఒక్క రాత్రి నాటకంతో తగ్గదు, అది వేరే విషయం, కానీ జబ్బు అని అన్నారు కదా, అది చాలు.

భీమవరం_బుల్లోడు · డిసెంబర్ 29, ఉదయం 8:05

అక్కా మీరు చెప్పింది చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. నేను మా ఊరి పొలిమేర రెండు పార్టులూ, విరూపాక్ష రెండుసార్లూ చూశాను, ఎప్పుడూ ఆ వైపు నుంచి ఆలోచించలేదు. అయినా ఒక మాట, విరూపాక్షలో ఊరి జనం ఒక జంట మీద అనుమానంతో చేసిన పాపమే తర్వాత ఊరి మీదకొస్తుంది కదా, అంటే ఆ సినిమా మీరు చెప్పిన బాధని కొంత పట్టుకున్నట్టే కదా? స్క్రీన్‌ప్లే సుకుమార్ గారిది, ఆయనది మట్టపర్రు, మన రాజోలు పక్కనే, ఊరు గురించి ఊరోడికే తెలుస్తుంది. అష్టదిగ్బంధనం వేసి ఎవరూ లోపలికి రాకుండా బయటికి పోకుండా చేసేశాక ఆ ఊరి వీధులు ఖాళీగా చూపిస్తారు చూడండి, వరదొచ్చినప్పుడు మా బంధువుల లంక ఊరు అలాగే ఉంటుంది.

నైట్‌డ్యూటీ_కాకినాడ · డిసెంబర్ 29, ఉదయం 8:40

తమ్ముడూ, జనం చేసిన పాపం చూపించారు, ఒప్పుకుంటాను. కానీ చివరికి వచ్చేసరికి చేతబడి నిజమే అని తేలుతుంది కదా. ఊళ్ళో కూర్చుని చూసేవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళేది ఆ రెండోదే. సినిమా తీయొద్దని నేను అనను. చూశాక పక్కనున్న పిల్లలకి ఒక్క మాట చెప్పండి, అంతే అడుగుతున్నాను. డ్యూటీ దిగుతున్నాను, ఉంటాను.

పాలకొల్లు_రీలు · డిసెంబర్ 29, ఉదయం 10:20

నర్సమ్మ గారికి నమస్కారం. మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించానండి.

భయం రెండు రకాలు అనుకుంటాను నేను. బయట్నుంచి వచ్చేది ఒకటి, అది కోటలోనో అడవిలోనో ఉంటుంది, మనం వెళ్తేనే కదా అనుకుంటాం. ఇంకోటి ఇంట్లోనే ఉంటుంది. రెండోదానికి మాధవన్ 13బి చెప్తాను, 2009, విక్రమ్ కుమార్ తీశారు, తర్వాత ఇష్క్, మనం తీసినాయనే. కొత్త ఫ్లాటు, పదమూడో అంతస్తు. లిఫ్టు అందరికీ పనిచేస్తుంది, ఇతనొక్కడు ఎక్కితే కదలదు. ఆ ఇంట్లో ఫోన్లో ఇతని ఫోటో తీస్తే మొహం వంకరపోతుంది. పొద్దున్నే పాలు విరిగిపోతుంటాయి. ఇంట్లో ఆడవాళ్ళు చూసే సీరియల్లో వీళ్ళింట్లో జరిగేదే వస్తుంటుంది. చూశారా, కోట లేదు, గబ్బిలం లేదు, పాలు, టీవీ, లిఫ్టు.

2022లో మసూద వచ్చింది, సాయికిరణ్ గారిది, అది కూడా గొప్పగా ఉంటుంది. సంగీత గారు ఒంటరిగా కూతుర్ని పెంచుకునే టీచరు, పక్కింటి కుర్రాడు తిరువీర్ సహాయానికొస్తాడు, వాడు హీరో కాదు, మనలాగే కాళ్ళు వణికే మనిషి, అయినా వెళ్తాడు, అదే నాకు నచ్చింది. కాకపోతే రెండున్నర గంటల పైన ఉంటుంది, మీ అమ్మమ్మ గారు అంతసేపు కూర్చోలేరేమో.

లంకపిల్ల · జనవరి 3, రాత్రి 9:15

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇన్ని వస్తాయనుకోలేదు. అందరూ చెప్పినవి గ్రూపులో పెట్టాను, రాత్రికీ 13బికీ సమానంగా ఓట్లొచ్చాయి. నర్సు గారు చెప్పినట్టు చిన్నాళ్ళిద్దర్నీ ముందే పడుకోబెట్టేస్తాం. మైకుసెట్టు గారూ, మావయ్య దగ్గర రెండు పాత బాక్సులున్నాయి, ఎలా పెట్టమంటారు?

మైకుసెట్టు_ముమ్మిడివరం · జనవరి 3, రాత్రి 9:50

నేల మీద పెట్టకండమ్మా, మండువాలో చుట్టూ గోడలు కదా, బేసు గుమ్మని గోల చేసేస్తుంది, మాట తెలీదు. రెండు పీటలో కుర్చీలో వేసి చెవి ఎత్తున పెట్టండి, తెరకి అటూ ఇటూ. సౌండు మరీ పెంచకండి, మామూలు మాట మామూలుగా వినపడేంత చాలు. అన్నిటికన్నా ముందు ఫ్యాను కట్టేయండి, ఫ్రిజ్జు దగ్గర్లో ఉంటే అది కూడా. ఆ చప్పుడు పోయాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో మీకే తెలుస్తుంది, సగం సినిమా అక్కడే అయిపోతుంది. జనవరి కాబట్టి ఉక్కపోయదు.

లంకపిల్ల · జనవరి 18, రాత్రి 10:05

నిన్నే హైదరాబాద్ వచ్చాం, వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడ రాయాలని.

13బి చూశాం. మాకు హిందీది దొరికింది, అమ్మమ్మకి హిందీ రాదు, పెద్ద బావ పక్కన కూర్చుని చెవిలో తెలుగు చెప్తూ ఉన్నాడు. తొమ్మిదింటికి మొదలెట్టాం, ఫ్యాను కట్టేశాం, లైట్లన్నీ తీసేసి దేవుడి గదిలో దీపం ఒక్కటే ఉంచాం. తేగలు కాల్చుకుని పళ్ళెంలో పెట్టుకున్నాం, మొదటి అరగంట తేగలు వలిచిన చప్పుడే. లిఫ్టు సీనుకి అమ్మమ్మ నవ్వింది, నడిచి ఎక్కితే ఒంటికి మంచిదే కదా అంది. ఇంక ఈవిడ పని అయిపోయింది అనుకున్నాం.

తర్వాత పాలు విరగడం వచ్చింది. మొదటిసారి ఏమీ అనలేదు. మళ్ళీ మర్నాడూ విరిగాయి. అమ్మమ్మ బావని ఆపమంది, సినిమా కాదు, చెప్పడం ఆపమంది. అప్పట్నుంచీ బొమ్మ చూస్తూనే ఉంది. కాసేపటికి నెమ్మదిగా, ఒక రోజు విరిగితే గిన్నె సరిగ్గా తోమలేదనుకుంటాం, రోజూ విరుగుతున్నాయంటే ఆ ఇంట్లో ఎవరో ఆకలితో ఉన్నారే అంది. ఎవరం మాట్లాడలేదు. సినిమాలో ఆ మాట ఎక్కడా లేదండి.

సరిగ్గా అప్పుడు పెరట్లో పైన సర్రుమంది. మైకుసెట్టు గారు రాసింది నాకు గుర్తొచ్చేలోపే ఆ ఏమీ లేని క్షణం వచ్చేసింది, మట్ట వచ్చి వంటింటి పెంకుల మీద పడింది. మేం తొమ్మిది మందిమీ అరిచాం, పిన్ని కూతురు తేగల పళ్ళెం తన్నేసింది. అమ్మమ్మ అరవలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళింది, దాలి మీద కుండ మూత తీసిన చప్పుడు వినపడింది, నేను వెనకే వెళ్ళాను. ఫోను లైటు వేసి పట్టుకున్నాను. కుండలో పాలు ఎర్రగా, మీద మీగడ కట్టి బాగానే ఉన్నాయి. అమ్మమ్మ వేలితో మీగడ కొంచెం పక్కకి జరిపి కింద కూడా చూసింది. ఒక గ్లాసు తీసి అందులో పోసి, దొడ్డి గుమ్మం బయట మెట్టు మీద పెట్టి తలుపు గడియేసింది. ఎవరికి అని నేను అడగలేదు.

వచ్చి మంచం మీద కూర్చుంది, మొదట్నుంచీ కాళ్ళు కిందకి వేలాడేసుకునే కూర్చుంది కదా, ఈసారి రెండు కాళ్ళూ పైకి లాక్కుని చీర కప్పేసుకుంది. పెట్టరా మిగతాది అంది.

పొద్దున్న చూస్తే గ్లాసు ఖాళీగా ఉంది. మా వీధి పిల్లే తాగి ఉంటుంది, మెట్టు మీద అడుగులున్నాయి.

ఉగాదికి మళ్ళీ వెళ్తున్నాం, నల్లదీ తెల్లదీ ఒకటుందన్నారు కదా ఆ మమ్ముట్టిది పెట్టండి అని అమ్మమ్మే ఫోన్ చేసి అడిగింది. యానాం రేవు గారూ, ఆ ఇంట్లో పాలు విరగవు కదా?

యానాం_రేవు · జనవరి 18, రాత్రి 10:31

విరగవండి. కానీ అందులో వంటింట్లో చాలా పని జరుగుతుంది, అమ్మమ్మ గార్ని తెరకి దగ్గరగా కూర్చోబెట్టండి.

పాలకొల్లు_రీలు · జనవరి 19, ఉదయం 6:02

ఆవిడ పాలు పోసి పెట్టిందని మా ఆవిడకి చెప్పాను. మంచి పని చేశారంది.